ఎడమకు లాగే బండి

ఆ ఊళ్లో క్లచ్చక్క ఇల్లెక్కడ అని అడిగితే చిన్నపిల్లలు కూడా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపిస్తారు. అసలు పేరేమిటని అడిగితే మాత్రం ఆమె మొగుడు కూడా ఒక్క క్షణం ఆలోచించాల్సిందే. ఆడవాళ్లకు కారు నేర్పడం ఆమె వృత్తి. పక్క సీట్లో కూర్చుని "క్లచ్చు, క్లచ్చు నొక్కు తల్లీ" అని ఆమె పెట్టే కేకకు వీధి చివర దుకాణంలో పప్పు తూచేవాడి చెయ్యి కూడా అదిరేది. పేరు అలా వచ్చింది, అలాగే ఉండిపోయింది. ఆమె కూడా కాదనలేదు. పైగా బోర్డు మీద రాయించుకుంది.

డ్రైవింగ్ స్కూలు అంటే భవనమూ, కుర్చీలూ, గుమాస్తాలూ ఊహించుకోకండి. ముందుగదిలో మొగుడి కుట్టుమిషను, దాని పక్కన ఒక బెంచీ, బెంచీ పైన గోడకు ట్రాఫిక్ గుర్తుల పటం, బయట కారు. అంతే. మొగుడు మెడలో టేపు వేసుకుని వచ్చినవాళ్లకు జాకెట్లు కొలుస్తుంటే, ఆమె అదే గదిలో ఇంకొకరికి గేర్లు ఎలా మార్చాలో అట్లకాడ పట్టుకుని చూపించేది. ఒకసారి జాకెట్టు కుట్టించుకుందామని వచ్చిన ఒకావిడ కారు నేర్చుకుని వెళ్లింది. జాకెట్టు సంగతి ఇద్దరూ మర్చిపోయారు.

ఇక కారు. పాత సెడాన్. పోస్టాఫీసులో పనిచేసి దిగిపోయిన ఒక పెద్దాయన దగ్గర కొన్నది. ఎంజిను బంగారం, బ్రేకులు బంగారం, గొడవంతా స్టీరింగుతోనే. చక్రాన్ని కాస్త ఇటు తిప్పినా కాస్త అటు తిప్పినా కారుకు కబురు అందేది కాదు. ఇంకా తిప్పితే అప్పుడు హఠాత్తుగా గుర్తొచ్చినట్టు తిరిగేది. ఆగి ఉన్న బండిని మలపాలంటే చేతుల్లో ఉన్న బలం చాలదు, చిన్నప్పుడు తాగిన పాలు కూడా గుర్తు తెచ్చుకోవాలి. అలా తిప్పేకొద్దీ లోపల ఎక్కడో ఒక ముసలాయన మూలుగు. కొంచెం వేగం అందుకుంటే చక్రం చేతుల్లో గజగజ వణికేది. వీటన్నిటికీ తోడు, ఎడమవైపు లాగేది. చేతులు వదిలితే చాలు, ఎవరో పిలిచినట్టు రోడ్డు వారగా పోయేది.

ఏ మనిషైనా ఇలాంటి బండిని ఏం చేస్తుంది? బాగుచేయిస్తుంది, లేదా అమ్మేస్తుంది. క్లచ్చక్క ఆ రెండూ చెయ్యలేదు. దాన్ని పాఠం చేసేసింది. "స్టీరింగు మూలిగిందంటే ఇక చాలు తిప్పకు అని నీకు చెబుతోందన్నమాట" అనేది. "వణికిందంటే వేగం ఎక్కువైందని అర్థం. వేరే కార్లలో మీటరు చూసుకోవాలి. మన కారు చేతికే చెబుతుంది" అని గొప్పగా చెప్పేది. ఇక అన్నిటికన్నా మొదటి పాఠం, అందరికీ చెప్పేది: "చక్రాన్ని ఎప్పుడూ కొంచెం కుడికి పట్టి ఉంచాలి. వదిలేస్తే ఏ కారైనా గోడ వైపే చూస్తుంది."

ఏ కారైనా అనే మాట ఆమె అబద్ధమాడి అన్నది కాదు, మనస్ఫూర్తిగా నమ్మి అన్నది. ఎందుకంటే ఆమె జీవితంలో ఇంకో కారు నడపలేదు. అమ్మిన పెద్దాయనే ఈ కారులోనే ఆమెకు నేర్పాడు. "కొంచెం కుడికి పట్టుకోమ్మా" అని ఆయన చెప్పాడు, ఆమె పట్టుకుంది. ఆ పట్టు అలాగే శిష్యురాళ్లందరికీ ఇచ్చింది. వాళ్లు సొంత కార్లు కొనుక్కుని మొదటి వారం కుడికి కుడికి పోయేవాళ్లు. కొత్త కారు కదా, అలవాటు పడాలి అనుకునేవాళ్లు. చేతులు వాటంతటవే సర్దుకునేవి. ఎవరూ వచ్చి ఆమెకు చెప్పలేదు. చెప్పినా వినే మనిషి కాదనుకోండి, అది వేరే విషయం.

ఆమె తమ్ముడు ఒకడున్నాడు, రెండు వీధులవతల మెకానిక్కు షెడ్డు పెట్టుకున్నాడు. వాడు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. "అక్కా, స్టీరింగు అంతా వదులైపోయింది, ఎలైన్‌మెంటు పోయింది, ఓసారి వదిలిపెట్టు చూస్తా" అనేవాడు. "పాపం, ఈ నెల బేరాలు లేనట్టున్నాయి నీకు, నా బండి మీద పడ్డావు" అని ఆమె టీ తాగి వచ్చేసేది. ముక్కు మీద కోపం ఉన్న మనిషి, తన కారును అంటే తన పిల్లను అన్నట్టే.

అంత ధీమా ఎందుకంటే, ఆమె దగ్గర నేర్చుకున్న ఒక్క మనిషి కూడా పరీక్ష తప్పలేదు. లైసెన్సు ఆఫీసు వెనక మైదానంలో పరీక్ష. ఎవరి బండి వాళ్లే తెచ్చుకోవాలి. అందరూ క్లచ్చక్క కారులోనే వెళ్లేవాళ్లు, ఇన్‌స్పెక్టరు పక్కన కూర్చునేవాడు, పాసై వచ్చేవాళ్లు. అలా ఉండగా ఆఫీసు వాళ్లకు ఉన్నట్టుండి బుద్ధి పుట్టింది. ఇకనుంచి పరీక్షకు మా కారే అన్నారు. తెల్లటి కొత్త కారు ఒకటి తెచ్చి నిలబెట్టారు. నేల మీద రెండు తెల్ల గీతలు పొడుగ్గా గీసి, గీతను తాకకుండా తిన్నగా పోవాలన్నారు.

అంతే, క్లచ్చక్క కొంప మునిగింది. రొట్టెల దుకాణం ఆవిడ కుడి గీత తొక్కింది. బళ్లో లెక్కలు చెప్పే టీచరు కుడి గీత తొక్కింది. ఇక మూడో మనిషి దగ్గరకు వచ్చేసరికి ఇంటి పరువే పోయింది. ఆమె క్లచ్చక్కకు స్వయానా ఆడపడుచు, ఆసుపత్రిలో నర్సు, ఒకసారి కాదు రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ కుడి గీతే.

క్లచ్చక్క ఊరుకుంటుందా? చెంగు దోపుకున్నంత పనిచేసి ఆఫీసుకు వెళ్లింది. ఇన్‌స్పెక్టరు ఎదురుగా నిలబడి, "అయ్యా, మీ కొత్త కారు కుడికి లాగుతోంది. రిపేరు చేయించండి" అంది. ఆయన మర్యాదస్తుడు. నిజమేనేమోనని ఆ రోజు పరీక్షలు ఆపించి, కారును ఆఫీసు మెకానిక్కుకు పంపి చూపించాడు. ఏమీ లేదని తేలింది. ఆ సాయంత్రం దాకా వరసలో నిలబడ్డవాళ్లంతా ఎవరిని తిట్టుకున్నారో వేరే చెప్పాలా? క్లచ్చక్క మాత్రం, "వాళ్ల మెకానిక్కు వాళ్ల మాటే చెబుతాడు" అని వచ్చేసింది.

సరే, మిగతావాళ్ల సంగతి ఎలా ఉన్నా ఆడపడుచు సంగతి వేరు. పెళ్లి మాట దాటేసుకుంటూ అన్నావదినల దగ్గరే ఉంటున్న మనిషి. వార్డులో పని ఆమెకు తెలిసిందే, కానీ మనసు అక్కడ లేదు. మనిషి కోలుకుంటున్నాడనగానే ఇంటికి పంపేస్తారు, తర్వాత అతనేమయ్యాడో తెలియదు. అది ఆమెకు నచ్చదు. ఆసుపత్రిలోనే ఇంకో పని ఉంది. మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు వెళ్లి కట్లు మార్చి, మందులు ఇచ్చి, కాసేపు కూర్చుని రావడం. కారు ఆసుపత్రే ఇస్తుంది. నడపడం రావాలి, అంతే. పెద్ద నర్సు ఆ పని ఆమె కోసమే అట్టే పెట్టింది. రెండోసారి తప్పాక మాత్రం, "శుక్రవారం ఇంకోసారి చూడు. అప్పుడూ రాకపోతే ఇంకొకరికి ఇవ్వక తప్పదు, ఏమనుకోకు" అంది. అంటే శుక్రవారం తప్పితే ఆ ఉద్యోగం గోవిందా.

ఆ కబురు విని క్లచ్చక్కకు కాలూ చెయ్యీ ఆడలేదు. కంగారు పుడితే ఆమెకు కోపంగా బయటికి వస్తుంది. పొద్దునా సాయంత్రం ఆడపడుచును కారెక్కించి ఊరంతా తిప్పింది. "కుడికి పట్టు. ఇంకా పట్టు. ఎందుకలా బిగుసుకుపోతావు? మరి అక్కడికి వెళ్లగానే ఎందుకు పాడుచేస్తావు?" ఒకరోజు విసుగు పట్టలేక అనేసింది: "కారుదేం లేదు, రోడ్డుదేం లేదు. లోపం నీ చేతిలోనే ఉంది అమ్మడూ."

మాట అన్నాక ఆమె మర్చిపోయింది. విన్న మనిషి మర్చిపోలేదు.

ఆ చెయ్యి ఎలాంటి చెయ్యో చెప్పాలి మీకు. పసిపిల్లలకు నరం దొరకడం కష్టం. దొరక్కపోతే డాక్టర్లు కూడా, "ఆ అమ్మాయిని పిలవండి" అనేవాళ్లు. ఆమె వచ్చి పిల్లవాడి చెయ్యి తీసుకుని ఏదో కబురు చెబుతూ ఉండగానే సూది దిగిపోయేది. అలాంటిది ఇప్పుడు పిలిస్తే, "ఇంకెవరినైనా చూడండి, నా చెయ్యి ఈమధ్య బాగోలేదు" అంటోందట. ఇంట్లో టీ కప్పు రెండు చేతులతో పట్టుకుంటోంది. ఈ సంగతి క్లచ్చక్కకు చెప్పింది మొగుడు. ఆయన నోట్లో నాలుక లేని మనిషి, మాటంటే ఎక్కడ కొలత తప్పుతుందోనన్నట్టు ఉంటాడు. ఆ రోజు మాత్రం మిషను ఆపి, "మా చెల్లి సూది పట్టుకోవడం మానేసింది" అన్నాడు. మళ్లీ మిషను తొక్కుకున్నాడు. క్లచ్చక్క ఆ మాటను అక్కడే వదిలేసి కారు తాళాలు తీసుకుంది. తీసుకుంది కానీ, దారిలో క్లచ్చు అని ఒక్కసారి కూడా అరవలేదు.

సోమవారం నాడు ముందు చక్రానికి పంక్చరైంది. తప్పక తమ్ముడి షెడ్డుకు పోయింది. వాడు టైరు ఊడదీసి లోపలి అంచు మీద చెయ్యి పెట్టి చూపించాడు. బయటివైపు గాడులు నిక్షేపంగా ఉన్నాయి. లోపలివైపు బట్టతల.

"చూశావా? చక్రం వంకరగా నిలబడింది కాబట్టే ఒక అంచే అరిగింది. బండి ఎడమకు లాగుతోందక్కా, నీ చెయ్యి దాన్ని ఆపుతోంది" అన్నాడు.

"రోడ్డు మధ్యలో ఎత్తుగా, వారన పల్లంగా ఉంటుంది. అటు జారక ఎటు జారుతుంది?"

"అందుకే రోడ్డు మీద చూడొద్దు. రా."

షెడ్డు వెనక పాత గోదాము ముందు సిమెంటు చదును ఉంది. నీళ్లు పోస్తే ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడిపోయేంత చదును. టైరు బిగించి అక్కడికి తెచ్చాక, నెమ్మదిగా పోనిచ్చి చేతులు తియ్యమన్నాడు. తీసింది. కారు ఎడమకు తిరిగి గోదాము గోడను పలకరించబోయింది. బ్రేకు తొక్కింది.

"గాలి వీస్తోంది" అంది.

"ఆకు కూడా కదలడం లేదు."

"అయితే టైర్లలో గాలి తేడా ఉంటుంది."

వాడు నవ్వకుండా నాలుగింట్లోనూ గాలి కొలిచి చూపించాడు. తేడా లేదు. అక్క మూతి ముడుచుకుని నిలబడింది. అప్పుడు వాడు షెడ్డులో ఉన్న ఇంకో కారు తీసుకొచ్చాడు. ఇదే కంపెనీ, ఇదే వయసు, నిన్ననే స్టీరింగంతా సరిచేసి పెట్టిన కారు. "దీన్ని నడుపు. తిన్నగా అటువైపు తలుపు దాకా" అన్నాడు.

క్లచ్చక్క ఎక్కింది. అద్దం సర్దుకుంది. వీపు నిటారుగా పెట్టి, ఎప్పట్లాగే చక్రాన్ని పట్టుకుని బయలుదేరింది. బయలుదేరిన దగ్గర్నుంచి కారు కుడికి పోతోంది. ఆమె తలుపు వైపు చూస్తోంది, కారు పాత టైర్ల కుప్ప వైపు చూస్తోంది. ఆపుదామని చక్రాన్ని ఎడమకు తిప్పబోతే, తన కారుకు తిప్పినంత తిప్పేసింది. ఈ కారు అంత మొరటు మాట వినలేని సుకుమారి. అటు విసురుగా వెళ్లి, ఆమె మళ్లీ లాగేసరికి ఇటు వచ్చి, టైర్ల కుప్పలోకి దూరి ఆగింది. పై టైరు ఒకటి దొర్లుకుంటూ వెళ్లి తమ్ముడి కాళ్ల దగ్గర పడింది.

తమ్ముడికి నవ్వు తన్నుకొస్తోంది. అక్క ముఖం చూసి ఆపుకున్నాడు. ఆమె ముఖాన నెత్తురు చుక్క లేదు. దిగలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటివైపు చూస్తూ కూర్చుంది.

"రొట్టెల దుకాణం ఆవిడ కూడా ఇలాగే పోయిందంట్రా" అంది చివరికి. "టీచరు కూడా. ఇంకా మా..." ఆ మాట పూర్తి చెయ్యలేదు. "బండి వదిలిపెడుతున్నా. ఏమేం పోయాయో అన్నీ మార్చు. అడగొద్దు నన్ను."

తమ్ముడు అడగలేదు. చక్రాలను స్టీరింగుకు కలిపే కడ్డీల చివర్లు అరిగి గలగలలాడుతున్నాయి, వాటిని మార్చాడు. స్టీరింగు ఆయిలు ఒక గొట్టం పగులులోంచి కారిపోయి అడుగంటింది. ఇన్నాళ్ల మూలుగు అదే. గొట్టం మార్చి ఆయిలు పోశాడు. చక్రాలకు చిన్న చిన్న సీసం ముక్కలు బిగించి వణుకు పోగొట్టాడు. చివర ఎలైన్‌మెంటు పెట్టాడు. బుధవారం సాయంత్రానికి ఆ ముసలి బండి పడుచుపిల్ల అయింది. చిటికెన వేలితో తిప్పొచ్చు.

ఆడపడుచు డ్యూటీ దిగి షెడ్డుకే వచ్చింది. క్లచ్చక్క గొంతు సవరించుకుంది. "కారు బాగుచేయించాను. కొంచెం తేడాగా ఉంటుంది, కంగారుపడకు" అంది.

"తేడా అంటే ఏంటి వదినా?"

క్లచ్చక్క నీళ్లు నమిలింది. తమ్ముడికి ఆ బాధ లేదు, కుండ బద్దలు కొట్టేశాడు. "ఇన్నాళ్లూ ఎడమకు లాగేది నర్సమ్మగారూ. దాన్ని ఆపడానికి మీకు కుడికి పట్టడం అలవాటైంది. ఆఫీసు కారు తిన్నగా పోయేది. మీ పట్టు మాత్రం పాతదే."

ఆడపడుచు "అంటే నా చెయ్యి..." అని వదిన వైపు తిరిగింది.

"సరే సరే, ఎక్కు, చీకటి పడుతుంది" అంది క్లచ్చక్క. సిగ్గు ఎంతటి మనిషినైనా పిరికిదాన్ని చేస్తుంది. చెప్పాల్సిన ఒక్క మాటను ఆమె మింగేసింది.

గురువారం మొత్తం గోదాము ముందు చదును మీదే. తమ్ముడు ఇటుకలు రెండు వరసలుగా పేర్చి ఇచ్చాడు. ఆడపడుచు నడిపితే కుడి వరస ఇటుకలు పడుతున్నాయి. పేర్చారు, మళ్లీ పడ్డాయి. క్లచ్చక్క పక్కన కూర్చుని, "వదులు, వదులు చెయ్యి" అంటోంది. ఎలా వదలాలో ఆమెకే తెలియదు. ఈసారి ఇటుకలు పడేసరికి ఆడపడుచు బండి ఆపేసింది.

"రేపు ఇది పోతే నేను మళ్లీ వార్డులోనే ఉంటాను వదినా. అది సరే, పోనీ. నువ్వు నేర్పిందంతా ఇప్పుడు మర్చిపొమ్మంటున్నావు. నా చేతులకు ఎలా చెప్పాలి? నువ్వు చెప్పు."

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది, క్లచ్చక్కకు తిరిగి అరవడం వచ్చు. "నువ్వు దిగు" అంది. "నేను నడుపుతా, చూడు."

క్లచ్చక్క నడిపింది. కుడి వరసంతా చాపలా పరిచేసింది. ఒక్క ఇటుక మిగల్లేదు. షెడ్డు తలుపు దగ్గర నిలబడ్డ తమ్ముడు తల గోక్కుంటూ లోపలికి పోయాడు. క్లచ్చక్క ఆడపడుచు వైపు చూసింది, ఆడపడుచు ఆమె వైపు చూసింది. ముందు ఎవరు నవ్వారో తెలియదు. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు. ఆడపడుచుకు ఆ నీళ్లు కాసేపు ఆగలేదు.

తర్వాత ముఖం తుడుచుకుని ఆమె పక్క సీట్లో, వదిన కూర్చునే చోట కూర్చుంది. "ఇప్పుడు నేను చెప్తా, నువ్వు చెయ్యి. చక్రాన్ని పట్టుకోకు. నాడి చూసేటప్పుడు మణికట్టును గట్టిగా నొక్కితే నాడి దొరకదు వదినా. వేళ్లు ఊరికే ఆనించాలి. అది ఏం చేస్తోందో ముందు తెలియాలి, అప్పుడు మనం ఏదైనా చెయ్యాలి. అది చెప్పకముందే నువ్వు లాగేస్తున్నావు."

"నేను పుట్టడమే అలా పుట్టాను."

"తెలుసు. ఇప్పుడు లాగకు."

క్లచ్చక్క వేళ్లు ఆనించింది. కారు కదిలింది, తిన్నగా పోయింది, మధ్యలో ఆమెకు భయం పుట్టి చెయ్యి బిగిసింది, కుడి ఇటుక ఒకటి ఒరిగింది. ఒక్కటే. ఆడపడుచు నడిపింది, రెండు ఒరిగాయి. మళ్లీ వదిన. మళ్లీ ఆడపడుచు. ఒకరికొకరు నేర్పుకుంటూ మధ్యాహ్నం అన్నం సంగతే మర్చిపోయారు. మొగుడు మెడలో టేపుతోనే టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చి, ఇద్దరిలో ఎవరు గురువో తెలియక కాసేపు చూసి, డబ్బా ఇటుకల మీద పెట్టి వెళ్లాడు. సాయంత్రానికి ఇటుకలు నిలబడ్డాయి. ప్రతిసారీ కాదు, మాటవరసకు సగంసార్లు.

శుక్రవారం మైదానం గట్టు దగ్గర క్లచ్చక్క నిలబడింది. మామూలుగా అయితే ఇవతల్నుంచే చేతులూపుతూ, పెదాలతో క్లచ్చు అంటూ ఉండేది. ఇప్పుడు రెండు చేతులూ చంకల్లో దాచుకుంది. తెల్ల కారు బయలుదేరింది. ఇన్‌స్పెక్టరు పక్కన కూర్చుని ఎటో చూస్తున్నాడు. గీతల మధ్యకు వచ్చేసరికి కారు ముందు చక్రం కొంచెం కుడికి ఒరిగింది. క్లచ్చక్క కళ్లు మూసుకోబోయి మూసుకోలేకపోయింది. చక్రం గీతకు జానెడు దూరం దాకా వచ్చి, అక్కడ ఏదో ఆలోచించుకున్నట్టు ఆగి, నెమ్మదిగా మధ్యలోకి జరిగింది. విసురు లేదు. చివరిదాకా అలాగే పోయింది. తర్వాత వెనక్కి తీసి రెండు కర్రల మధ్య నిలపడం, ఎత్తు మీద ఆపి కదలడం, అవన్నీ ఆమెకు మొదట్నుంచీ వచ్చినవే.

ఇన్‌స్పెక్టరు దిగి, కాగితం మీద సంతకం చేస్తూ, "ఎవరు నేర్పారమ్మా?" అని అడిగాడు.

"మా వదిన."

ఆయన గట్టు వైపు చూసి గుర్తుపట్టాడు. "మా కారు కుడికి లాగుతోందన్నావిడేనా?"

ఆడపడుచు జవాబు చెప్పేలోపే క్లచ్చక్క గట్టు దిగి వచ్చింది. వరసలో నిలబడ్డవాళ్లు అందరూ వినేలా చెప్పింది, ఆమెకు చిన్నగా చెప్పడం రాదు కదా. "అయ్యా, మీ కారు బాగానే ఉంది. నాదే ఎడమకు లాగేది. నా దగ్గర నేర్చుకుని మీ దగ్గర తప్పినవాళ్ల తప్పేమీ లేదు. వాళ్లందర్నీ మళ్లీ నేర్పి తీసుకొస్తా. ఆ రోజు మీ పని చెడగొట్టినందుకు ఏమనుకోకండి." ఇన్‌స్పెక్టరు "మంచిదమ్మా" అన్నాడు. వరసలో ఉన్న రొట్టెల దుకాణం ఆవిడ నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.

వెళ్లి ఇద్దరూ కారెక్కారు. ఆడపడుచు స్టీరింగు ముందు కూర్చుంది. తాళం పెట్టింది, తిప్పలేదు.

"ఏమైంది? పద" అంది క్లచ్చక్క.

"ఆయనకు చెప్పావు. వరసలో వాళ్లకూ చెప్పావు" అంది ఆడపడుచు, ముందుకే చూస్తూ. "నాకు చెప్పలేదు వదినా."

క్లచ్చక్క కిటికీ వైపు తిరిగింది. అద్దం దించింది, ఎక్కించింది. ఆమె మొహం ఒక్కసారి చిన్నదైపోయింది. "నీ చేతిలో ఏ లోపమూ లేదు" అంది. "ఎప్పుడూ లేదు. అన్న రోజునే నాలుక కొరుక్కోవాల్సింది. తర్వాత తెలిసింది, చెప్పడానికి సిగ్గేసింది. నువ్వు కప్పు రెండు చేతులతో పట్టుకుంటుంటే చూశాను, చూడనట్టు ఊరుకున్నాను. నాకు చాలా బాధగా ఉంది అమ్మడూ."

ఆడపడుచు రెండు చేతులూ ఎత్తి, వేళ్లు విప్పి, కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తర్వాత తాళం తిప్పింది. ఇంటివైపు మలుపు వచ్చింది, ఆమె మలపలేదు.

"ఇల్లు ఇటు కదా" అంది క్లచ్చక్క.

"వార్డులో ఒక పాప ఉంది. పొద్దున్నించీ నరం దొరకడం లేదు. నన్ను పిలిస్తే రానన్నాను. ముందు అక్కడికి పోదాం."

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద క్లచ్చక్క కూర్చుంది. ఆడపడుచు చేతులు కడుక్కుని లోపలికి పోయింది. తలుపు సందులోంచి ఆమె మాటలు వినిపిస్తున్నాయి. పాపను బొమ్మ పేరేమిటని అడుగుతోంది. పాప చెప్పడం లేదు, వెక్కుతోంది. బొమ్మకు అన్నం ఎవరు పెడతారని అడిగింది. పాప ఏదో అంది. ఇంకేదో అడిగింది, పాప దానికి జవాబు చెబుతూనే ఉంది, మధ్యలో ఎక్కడా ఏడుపు రాలేదు. లోపల ఎవరో "అమ్మయ్య, నరం దొరికింది" అన్నారు. క్లచ్చక్క కొంగుతో ముఖం కప్పుకుని ఏడ్చింది.